అక్క జీతం, తమ్ముడి ర్యాంకు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది విశాఖపట్నంలో గాజువాక. పన్నెండేళ్లుగా బ్యాడ్మింటన్ సింగిల్స్ ఆడుతున్నాను. అంతర్జాతీయ ర్యాంకు నాలుగు వందల దగ్గర ఆగిపోయింది. మోకాలు తరచూ వాస్తోంది. నాన్నగారు పదవీ విరమణ చేశారు. బ్యాంకులో పనిచేసే అక్క నా ఖర్చులు చూస్తోంది; 31 ఏళ్లు వచ్చినా సంబంధాలకు ఒప్పుకోవడం లేదు. గోపీచంద్ 27 ఏళ్లకు ఆల్ ఇంగ్లండ్ గెలిచారు కదా, నేను సింగిల్స్‌లోనే ఉండాలా, డబుల్స్‌కు మారాలా?

జవాబు: సింగిల్సా, డబుల్సా అన్నది మీ కోచ్, మీ మోకాలు చూసే వైద్యుడు తేల్చవలసిన సంగతి. కిదాంబి శ్రీకాంత్ డబుల్స్ నుంచి సింగిల్స్‌కు వచ్చి 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారంటే, ఆ మార్పు ఆయన ఆటను రోజూ చూసినవారి నిర్ణయం వల్ల జరిగింది గానీ నాబోటి వాళ్ల సలహా వల్ల కాదు. ఇక గోపీచంద్ 2001లో గెలిచింది 27 ఏళ్లకే, నిజం. అయితే 1996లోనే, మీకన్నా చిన్న వయసులో, ఆయన జాతీయ చాంపియన్. ఆ సగం మీరు రాయలేదు.

నాలుగు పేజీల మీ ఉత్తరంలో షటిల్ డబ్బాల ధర, రాకెట్‌కు తీగలు బిగించే గట్టింగ్ ఖర్చు, విమానం టికెట్లు పైసలతో సహా ఉన్నాయి. అక్క గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. అందులో ఒకటి, తెల్లవారుజామున ఐదింటికి ఆమె మిమ్మల్ని స్కూటీ మీద ఎన్.ఎ.డి. జంక్షన్ దాటించి కోర్టు దగ్గర దింపి, ఇంటికి వచ్చి వంట చేసి, బ్యాంకుకు వెళుతుందని. రెండోది, సంబంధాలకు ఒప్పుకోవడం లేదని.

ఎందుకు ఒప్పుకోవడం లేదో మీరు ఎప్పుడైనా అడిగారా? 52 వారాల్లో మెరుగైన పది టోర్నీల ఫలితాలతో ర్యాంకు కడతారు, ఏడాది నిండిన పాయింట్లు పోతాయి, కాబట్టి ఉన్నచోట నిలబడాలన్నా మళ్లీ విమానం ఎక్కాల్సిందే. మీ స్థాయి టోర్నీల్లో వచ్చే ప్రైజ్ మనీ తిరుగు టికెట్టుకే చాలదని మీరే అన్నారు. అంటే ఆమె జీతం ప్రతి ఏడాదీ కొత్తగా తాకట్టు పడుతోంది. తాను అత్తవారింటికి వెళితే ఈ ఖర్చు ఎవరు పెడతారన్న భయంతోనే ఆమె వచ్చిన ప్రతి సంబంధాన్నీ వెనక్కి పంపుతోందని నా అనుమానం, మీ నాన్నగారికీ అది తెలియకుండా ఉండదు. కూతురి జీతంతో కొడుకు ఆట సాగుతుంటే నోరు మెదపని ఇళ్లు మనకు కొత్తేమీ కావు గానీ, 24 ఏళ్ల మగపిల్లవాడు ఆ మౌనం చాటున దాక్కోవడం నాకు నచ్చదు.

ఈ ఆదివారం నాన్నగారి ఎదుటే అక్కను కూర్చోబెట్టి, ఆమె ఇప్పటివరకు పెట్టిన మొత్తం ఎంతో కాగితం మీద వేయండి. పెళ్లి ఆమెకు నిజంగా ఇష్టం లేకపోతే ఆ మాట ఆమె నోటితోనే రానివ్వండి, మీరు తొందర పెట్టవద్దు. కానీ మీ టికెట్టు అందుకు కారణం కాకూడదు. రైల్వేలో, ప్రభుత్వరంగ సంస్థల్లో క్రీడా కోటా నియామకాలు ఉంటాయి; ప్రకటన రాగానే దరఖాస్తు పెట్టండి, ఉద్యోగం చేస్తూ ఆడినవాళ్లు మన దేశంలో ఎందరో ఉన్నారు. ఈలోగా చిన్నపిల్లలకు సాయంత్రాలు ఆట నేర్పినా మీ షటిళ్ల ఖర్చు మీరు సంపాదించుకోవచ్చు.

సోమవారం నుంచి కిట్ బ్యాగు భుజాన వేసుకుని బస్సులో వెళ్లండి. అక్కను ఆరింటి దాకా నిద్రపోనివ్వండి.