జపనీస్ చెబుతున్నాను, ఇక ఎన్‌2 రాయాలా, ఎం.ఏ. చేయాలా? (సమాధానం)

జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష (జేఎల్‌పీటీ)లో ఎన్‌3 స్థాయి దాటి తిరుపతిలో జపనీస్ పాఠాలు చెబుతున్నా ఇంట్లో దీన్ని ఉద్యోగంగా లెక్కపెట్టడం లేదన్నారు. ముందు దాని పై స్థాయి ఎన్‌2 రాయండి. జూలై, డిసెంబరులలో చెన్నైలోనే జరుగుతుంది. మీ జిల్లాలోని పారిశ్రామికవాడ శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో వంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి కాబట్టి దుబాసీ పనికీ ప్రయత్నించవచ్చు. జీతం అకౌంటులో పడితే ఇంట్లోవాళ్ల స్వరం అదే మారుతుంది.

అయితే ఆ పరీక్షలో మాట్లాడటం, వ్యాసం రాయడం ఉండవు, బోధన ఊసే ఉండదు. అందుకే మీ పాఠ ప్రణాళికలు, తరగతి వీడియోలు భద్రపరచండి. టీచరుగా మిమ్మల్ని నిలబెట్టేవి అవే. విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలు కావాలంటే మాత్రం ఎం.ఏ., ఆపై నెట్ (అధ్యాపక అర్హతకు జరిగే జాతీయ పరీక్ష) లేదా పీహెచ్‌డీ ఉండాలి. నెట్ సబ్జెక్టుల్లో జపనీస్ ఉంది.

అన్నట్టు, అనుభవ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. మానేశాక అడిగితే చెప్పులరిగేలా తిప్పుతారు.