కేబుల్‌తో పనిచేసే వర్చువల్ మెషీన్‌కు వైఫైలో ఐపీ ఎందుకు రాదు?

మీ హోస్ట్ (అసలు కంప్యూటర్) లినక్స్, కేవీఎంలో (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే వ్యవస్థ) విండోస్ గెస్టు (లోపల నడిచే వర్చువల్ మెషీన్), గెస్టును నేరుగా హోస్టు నెట్‌వర్క్ కార్డుకు కలిపే మ్యాక్‌వీట్యాప్ బ్రిడ్జ్ మోడ్. కేబుల్‌తో అంతా బాగుంది, వైఫైకి మారగానే గెస్టులో 169.254తో మొదలయ్యే చిరునామా (రౌటర్ నుంచి ఐపీ దొరకనప్పుడు విండోస్ తానే పెట్టుకునేది) కనిపిస్తోందన్నారు. సరిగ్గా ఇదే అమరికతో నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. గెస్టులో డ్రైవర్ మళ్లీ వేశాను, ఫైర్‌వాల్ ఆపాను, రౌటర్‌ను రీసెట్ చేశాను. వాటిలో ఏదీ అవసరం లేదు. దయచేసి మీరు ఆ దారి పట్టకండి.

హోస్టులో టీసీపీడంప్‌తో (నెట్‌వర్క్ రాకపోకలను చూపే సాధనం) డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామాలు పంచే పద్ధతి) వాడే 67, 68 పోర్టులను గమనించాకే విషయం తేలింది. గెస్టు పంపిన డీహెచ్‌సీపీ డిస్కవర్ (చిరునామా కావాలనే అభ్యర్థన) వైఫై కార్డు దాకా వచ్చింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. దానికి జవాబుగా రావలసిన ఆఫర్ మాత్రం ఒక్కటీ రాలేదు.

వైఫైలో రౌటర్‌తో జతకట్టేది ల్యాప్‌టాప్ కార్డు ఒక్కటే, దానికున్న మ్యాక్ చిరునామాతోనే (నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్య). మామూలుగా అది రౌటర్‌కు పంపే ఫ్రేములో (డేటా పొట్లంలో) మూడు చిరునామాలే ఉంటాయి: రౌటర్‌ది, పంపేవారిది, చేరవలసినవారిది. ఈ కార్డు వెనుక ఇంకో యంత్రం ఉందని చెప్పుకోవడానికి అందులో చోటే లేదు. అందుకే గెస్టు సొంత మ్యాక్‌తో వెళ్లిన ఫ్రేమును రౌటర్ పరాయిదిగా భావించి వదిలేస్తుంది. వర్చువల్‌బాక్స్ (వర్చువల్ మెషీన్లను నడిపే మరో సాఫ్ట్‌వేర్) అయితే మ్యాక్‌ను తానే మార్చి పంపుతుంది కాబట్టి అక్కడ బ్రిడ్జ్ చాలాసార్లు పనిచేస్తుంది. ‘నాకు పనిచేసిందే’ అని ఎవరైనా అంటే, ముందు వారు ఏది వాడుతున్నారో అడగండి.

గెస్టును లిబ్‌వర్ట్‌లోని (కేవీఎం మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) ‘డిఫాల్ట్’ న్యాట్ నెట్‌వర్క్‌కు మార్చండి; న్యాట్‌లో గెస్టు ట్రాఫిక్ హోస్టు చిరునామాతోనే బయటికి వెళ్తుంది. అది ఆగి ఉంటే ముందు ప్రారంభించండి. ఆ నెట్‌వర్క్ అమరికను మీరు ముందే మార్చి ఉండకపోతే గెస్టుకు 192.168.122తో మొదలయ్యే చిరునామా వస్తుంది. అప్పుడు గెస్టు నుంచి 192.168.122.1కి (అది హోస్టే), తర్వాత ఇంటర్నెట్‌లోని 8.8.8.8కి, చివరగా ఏదైనా సైటు పేరుకు పింగ్ చేయండి. మొదటిది పలికి రెండోది పలకకపోతే హోస్టులోని ఫార్వర్డింగ్ నియమాలు (గెస్టు ట్రాఫిక్‌ను బయటికి పంపాలో వద్దో చెప్పేవి) చూడండి; వాటిని మార్చే డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ఉంటే తొలి అనుమానం దానిమీదే. మూడోది ఒక్కటే ఆగితే సమస్య డీఎన్ఎస్‌ది (సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చే సేవ).

మ్యాక్‌వీట్యాప్‌లో హోస్టు, గెస్టు నేరుగా మాట్లాడుకోలేవు. న్యాట్‌లో ఆ ఇబ్బంది లేదు. వేరే కంప్యూటర్ నుంచి గెస్టును చేరాలంటే హోస్టు మీదుగా ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (గుప్తీకరించిన దారి) వేసుకోండి. రిమోట్ డెస్క్‌టాప్ కోసం గెస్టులోని 3389 పోర్టుకు నేను అలాగే వేసుకున్నాను.