ప్లాస్టిక్ ‘కరుగుతుందా’?

సందేహం: ‘సముద్రంలో చేరిన ప్లాస్టిక్ ఎండకు, అలలకు కరిగి సూక్ష్మ కణాలుగా మారుతుంది’ అని ఒక వ్యాసంలో చదివాను. ప్లాస్టిక్ కరగదని కూడా రాస్తుంటారు కదా. ఏది సరి? మైక్రోప్లాస్టిక్‌ను ‘కణాలు’ అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: అమ్మా, మీరు పట్టుకున్నది చిన్న తప్పు కాదు. నీళ్ళలో ఉప్పు కరుగుతుంది, ఎండకు మంచు కరుగుతుంది, పండగ నెలలో చేతిలోని డబ్బు కరుగుతుంది. మూడు చోట్లా ఉన్న రూపు పోవడమే అర్థం. అందుకే ‘కరిగి’ అనగానే పీడ విరగడైందనిపిస్తుంది. సముద్రంలో జరిగేది వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. అలల తాకిడికి చిట్లుతుంది, ఆ ముక్కలు ఇంకా నలుగుతాయి. పెరట్లో ఏళ్ళ తరబడి ఎండిన బకెట్టు పట్టుకోగానే పెళపెళ విరగడం మీరూ చూసే ఉంటారు. మన తెలుగులో ఇన్ని క్రియాపదాలుండగా ‘కరిగి’ ఎందుకు? ‘కుళ్ళి’ కూడా కుదరదు. కుళ్ళినది మట్టిలో కలుస్తుంది, ఇది కలవదు.

పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో 6,000 మీటర్లకు పైగా లోతున దొరికిన, రొయ్యను పోలిన ఒక కొత్త జీవికి 2020లో శాస్త్రజ్ఞులు ‘యూరిథినీస్ ప్లాస్టికస్’ అని పేరు పెట్టారు. దాని పొట్టలో నీళ్ళ సీసాలకు వాడే రకం ప్లాస్టిక్ పోగు ఉంది. మనిషి కంటపడేసరికే ఆ ప్రాణి పేరులో ప్లాస్టిక్ చేరిపోయింది. ఆ మాట రాస్తుంటేనే నాకు మనసు చివుక్కుమంటోంది.

ఇక ‘కణం’. పదార్థపు నలుసుకు ఆ మాట చెల్లుతుంది. అయితే జీవశాస్త్రంలో శరీరం కట్టుబడేది కణాలతోనే కాబట్టి ‘చేప కణాల్లో ప్లాస్టిక్ కణాలు’ అని రాస్తే పిల్లలు తికమకపడతారు. మైక్రోప్లాస్టిక్ అంటే 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలు; వాటన్నిటికీ కలిపి ‘ప్లాస్టిక్ రేణువులు’ అనండి. పాలియెస్టర్ బట్టలు ఉతికినప్పుడు ఊడేవి మాత్రం పోగులే. ‘సూక్ష్మ ప్లాస్టిక్’ కూడా తప్పు కాదు. ఇంగ్లీషు మాటకు మన మాట జోడించి రైలుమార్గం, పోలీసుశాఖ అంటున్నాం కదా.

మీరు చదివిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘సముద్రంలో చేరిన ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి, అలలకు చిట్లి, రేణువులై, మేతతోపాటు చేపల కడుపులో పడుతోంది.’