ఫుట్‌పాత్ మీద పొదలు, కొమ్మలు: కంప్లైంట్ ఇస్తే పని కాకుండానే మూసేస్తున్నారా?

ఫుట్‌పాత్ మీదికి పొదలు పెరిగిపోయాయని రెండుసార్లు కంప్లైంట్ ఇస్తే పని జరక్కుండానే ‘పరిష్కరించాం’ అని మూసేశారు, ఇప్పుడేం చేయాలని ఒకరు అడిగారు. మా వీధిలోనూ అచ్చం ఇలాగే అయింది. కంప్లైంట్ రాసే తీరు మార్చాకే పని కదిలింది.

‘చెట్లు బాగా పెరిగాయి, దయచేసి చర్య తీసుకోండి’ అని రాస్తే చదివేవాళ్లకు ఎక్కడికి రావాలో తెలియదు, వచ్చినా ఏ కొమ్మ కొట్టాలో తెలియదు. మా మలుపు దగ్గర ఒక కొమ్మ సరిగ్గా ముఖం ఎత్తులో అడ్డంగా ఉండేది. మా పక్కింటాయనకు చూపు లేదు, చేతికర్ర సాయంతో నడుస్తారు. కర్రకు రాయి తగులుతుంది, గుంత తెలుస్తుంది, కానీ పైనుంచి వేలాడే కొమ్మ తగలదు కదా, అది నేరుగా మొహానికే కొట్టుకుంటుంది. ఒకరోజు విరిగిన కొమ్మ మొన ఆయన కనుబొమ్మ మీద గీరుకుపోయింది, ఇంకాస్త కిందికైతే కన్నే. ఆ తర్వాత కంప్లైంట్‌లో ఉన్నదున్నట్టు రాశాం: ఫలానా నంబరు స్తంభం పక్కన, మనిషి ముఖం ఎత్తులో కొమ్మ ఉంది, చూపు లేని మనిషి రోజూ ఈ దారిన నడుస్తారు, మిగతావాళ్లు బండ్లు తిరిగే చోట రోడ్డు మీదికి దిగాల్సి వస్తోంది. అప్పుడు ఒకరు వచ్చి చూసి వెళ్లారు.

ఎత్తు కొలిచి రాస్తే ఇంకా మంచిది. నడిచే దారిపై ఎంత ఖాళీ ఉండాలో చాలా దేశాల్లో లెక్క ఉంది. అమెరికాలో దివ్యాంగుల చట్టం ప్రమాణాల ప్రకారం 80 అంగుళాల ఎత్తు, మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ భారత రోడ్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో 2.2 మీటర్ల ఎత్తు, 1.8 మీటర్ల వెడల్పు. మీ ఊరి నిబంధన ఏదో చూసుకుని, దాంతో పోల్చి రాయండి. అప్పుడది మీ ఇష్టాయిష్టాల గొడవ అనిపించుకోదు.

ఫొటోలు కనీసం రెండు పెట్టండి. దగ్గర్నుంచి తీసినదాన్లో ఆకులు తప్ప ఏమీ కనపడవు, అందుకే ఇంటి నంబరో వీధి బోర్డో పడేలా దూరం నుంచి ఇంకోటి తీయాలి, వీలైతే పొద పక్కన మనిషిని నిలబెట్టి తీస్తే ఎంత దారి మూసుకుపోయిందో చూడగానే తెలుస్తుంది.

అది ఎవరి మొక్కో కూడా ముందే తేల్చుకోండి. ఎవరి ప్రహరీ లోపలి నుంచో బయటికి వచ్చిందైతే ముందు ఆ ఇంటివాళ్లతో మాట్లాడటమే మర్యాద, చాలామందికి లోపలి నుంచి అసలు కనపడదు, చెప్పగానే కత్తిరించేస్తారు. కొమ్మ కరెంటు తీగలకు తగులుతుంటే మాత్రం మీరూ ముట్టుకోవద్దు, ఆ ఇంటివాళ్లనూ ముట్టుకోనివ్వకండి, నేరుగా కరెంటు ఆఫీసుకే చెప్పాలి. ఇసుక కుప్పలు, పాత సామాన్లు, ఫుట్‌పాత్ మీద నిలిపిన బండ్లు కూడా ఉంటే వాటికి వేరే కంప్లైంట్ ఇవ్వండి. చాలాచోట్ల చెట్లు చూసే విభాగం ఒకటి, ఇవి చూసేది మరొకటి, అన్నీ ఒకే దాంట్లో కలిపితే ఒక పని చేసి మొత్తం మూసేస్తారు.

పని కాకుండా మూసేస్తే అదే రోజు తేదీ కనపడేలా కొత్త ఫొటో తీసి, పాత కంప్లైంట్ నంబరు వేసి మళ్లీ తెరిపించండి. పక్కిళ్లవాళ్లను కూడా ఎవరికి వాళ్లు సొంతంగా ఇవ్వమనండి, ముఖ్యంగా చిన్నపిల్లల బండి తోసుకెళ్లేవాళ్లను, వీల్‌చైర్ వాడేవాళ్లను, వాళ్ల ఇబ్బంది వాళ్ల మాటల్లోనే ఉండాలి.

ఇంకొకటి, కొట్టిన కొమ్మలు అక్కడే పడేసి పోతే ఫుట్‌పాత్ మళ్లీ మూసుకుపోతుంది. మా దగ్గర అలాగే వదిలేశారు, వాటిని తీయించడానికి మళ్లీ వెంటపడాల్సి వచ్చింది. అందుకే కొట్టిన కొమ్మలు ఎత్తేశాకే కంప్లైంట్ మూయాలని మొదట్లోనే రాసి పెట్టండి.