వయ్యారిభామను పూతకు ముందే పట్టాలి

ప్రశ్న: పాకాల మండలంలో మాకు రెండెకరాల తోతాపురి తోట, పక్కనే ఎకరంన్నర వర్షాధార వేరుశనగ ఉన్నాయి. గట్ల మీద, మామిడి చెట్ల మధ్య తెల్లపూల మొక్క విపరీతంగా మొలుస్తోంది. నిరుడు కూలీలను పెట్టి పీకించాం, నేనూ పీకాను. చేతులు, మెడ నిండా దద్దుర్లు వచ్చాయి. ఈ ఏడు అది రెట్టింపయింది. గడ్డిమందు కొట్టేద్దామని ఇంట్లో అంటున్నారు. ఏ మందు వాడాలి?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, అది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. అమెరికా ఖండం నుంచి వచ్చి 1950లలో పుణె దగ్గర మొదట కనిపించింది.

మందు సంగతికి ముందు, పీకినా ఎందుకు తిరిగి వచ్చిందో చూద్దాం. బహుశా పూత వచ్చాక పీకి గట్టు మీదే వేసి ఉంటారు. అలా వేస్తే విత్తనం చల్లినట్టే. ఎండిన పువ్వునొకదాన్ని కాగితం మీద నలిపి చూడండి, అయిదు నల్లటి గింజలు రాలతాయి. ఒక్క మొక్క నుంచి పది వేలకు పైగా గింజలు వస్తాయి. గాలికి, కాలువ నీటికి, ట్రాక్టరు చక్రాల మట్టికి అవి ఎంత దూరమైనా పోతాయి. తడి తగిలితే మొలుస్తాయి, నెలా నెలన్నరకే పూతకొస్తాయి. మన జిల్లాలో నైరుతి వానలు ఆగాక ఈశాన్య వానలు కూడా పడతాయి కాబట్టి ఒక్కసారి పీకి వదిలేస్తే సరిపోదు.

లేత మొక్క ఆకులను నేలకు అతికినట్టు గుండ్రంగా పరుస్తుంది, ఆకులు చామంతి ఆకుల్లా చీలి ఉంటాయి. దానిని తీయాల్సింది ఆ దశలోనే. వాన పడిన మర్నాడు కలుపు తీసే తొలికతో వేరుతో సహా లేపి, పేడతో కలిపి గోతిలో వేస్తే మంచి ఎరువవుతుంది. పూసిన మొక్కలనైతే గోనె సంచిలో కుక్కి, ఒకచోట ఎండబెట్టి కాల్చేయండి. పీకేవారికి చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

నాకు ఎక్కువ దిగులు మీ వేరుశనగ గురించే. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో లక్షల ఎకరాల వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ తెగులు దెబ్బతీసింది. ఆ వైరస్‌కు ముఖ్య ఆశ్రయం ఈ మొక్కే. పైకి ఏ జబ్బూ కనిపించదు, కానీ దాని పుప్పొడి తామర పురుగులకు అంటుకుని చేనులోకి చేరుతుంది. కాబట్టి విత్తే ముందే గట్లు శుభ్రం చేయండి. ఆ పురుగులకు అడ్డుగా చేను చుట్టూ ఏడెనిమిది వరుసలు జొన్న గానీ సజ్జ గానీ దగ్గరగా వేయండి. పక్క రైతు గట్టునూ, బాట అంచునూ వదిలేస్తే మీ కష్టం సగం వృథా అవుతుంది, ఆయనతో మాట్లాడండి.

ఇక మందు. గ్లైఫోసేట్ జోలికి వెళ్లవద్దు. కేంద్రం 2022లో దాని వాడకాన్ని శిక్షణ పొందిన నిపుణులకే పరిమితం చేసింది. 2,4-డి వేరుశనగను దెబ్బతీస్తుంది, దాని ఆవిరి తగిలినా దగ్గరలోని టమాటా ఆకులు మెలి తిరుగుతాయి. సాగు లేని కంచె వారన, బాట పక్కన మాత్రం లీటరు నీటికి 200 గ్రాముల కల్లుప్పు కరిగించి, కొంచెం సబ్బునీరు కలిపి, ఎండ కాసే రోజు పూతకు ముందు ఆకులు తడిసేలా పిచికారీ చేయవచ్చు. మామిడి పాదుల్లో, చేనులో ఉప్పు వద్దు, నేల పాడవుతుంది. బీడు జాగాల్లో వానలకు ముందు తగిరిస విత్తనం చల్లితే అది ఒత్తుగా పెరిగి దీన్ని అణచివేస్తుంది.

వర్షాకాలంలో ఈ మొక్క ఆకులను తినే చారల పెంకు పురుగు కనిపిస్తే చంపకండి. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో విడిచిన మిత్ర పురుగు అది, ప్రధానంగా వయ్యారిభామనే తింటుంది.

మేత కరవైనప్పుడు ఆవులు దీన్ని మేస్తే పాలు చేదెక్కుతాయి, కనిపెట్టి ఉండండి. మీ దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యునికి చూపించుకోండి. ఒకసారి పడనివారికి మళ్లీ తగిలితే ఇంకా తీవ్రంగా వస్తుంది కాబట్టి, ఈసారి పీకే పనిలోకి మీరు దిగవద్దు.