టెక్ సందేహాలు: కథల ఆటలోంచి పుట్టిన బ్లాకుల ఆట

ఈ వారం జవాబిస్తున్న నాలుగు ఉత్తరాలూ ఒకే కోవకు చెందినవి. విజువల్ నావెల్ అనే కథాప్రధానమైన ఆటల నుంచి, అవే పాత్రలతో విడిగా తయారై వచ్చే చిన్న బ్లాకుల ఆటల గురించి పాఠకులు అడిగారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. బొమ్మల కథలా సాగే జపాన్ ఆట ఒకటి ఫోన్‌లో ఆడేది. ఇప్పుడు అవే బొమ్మలతో టెట్రిస్ లాంటిది ఆడుతోంది. కథలు చెప్పే కంపెనీకి ఈ బ్లాకులతో పనేమిటి? ఇది నకిలీ ఆట కాదు కదా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

అసలుదే అయ్యే అవకాశం ఎక్కువ; కంపెనీకి అందులో పని కూడా గట్టిగానే ఉంది. విజువల్ నావెల్ అంటే తెర మీద పాత్ర బొమ్మ, కింద పెట్టెలో దాని మాటలు, అక్కడక్కడ మనం ఎంచుకోవలసిన ఒక జవాబు. ఆ ఎంపికలను బట్టి కథ దారి మారుతుంది. చదవడమే ప్రధానం, చేతికి పని తక్కువ. ఇటువంటి ఆట తయారీలో శ్రమలో ఎక్కువ భాగం బొమ్మలు గీయించడానికీ, కథ రాయించడానికీ, నటుల చేత మాటలు చెప్పించడానికీ పోతుంది. చదవడం పూర్తయ్యాక పాత్రల మీద మమకారం మిగులుతుంది గాని, వాటితో కాలక్షేపం చేయడానికి ఇంకేమీ ఉండదు. బ్లాకుల ఆట వచ్చి చేరేది అక్కడే. బొమ్మలూ గొంతులూ సిద్ధంగా ఉన్నాయి, నియమాలు అందరికీ తెలిసినవే, ఒక్కో ఆట కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది.

ఈ ఆనవాయితీ 30 ఏళ్ల నాటిది. కొనామీ కంపెనీ 1994లో పీసీ ఇంజిన్ అనే యంత్రం మీద టోకిమెకి మెమోరియల్ ఆటను విడుదల చేసింది. కచ్చితంగా చెప్పాలంటే అది డేటింగ్ సిమ్యులేషన్, అంటే ఒక అమ్మాయి మనసు గెలుచుకునే ఆట. హైస్కూలులో మూడేళ్లపాటు ఏం చదవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఆదివారం ఎక్కడికి వెళ్లాలి అని ఆటగాడు నిర్ణయించుకుంటూ పోవాలి. అది జపాన్‌లో బాగా ఆదరణ పొందడంతో, ఆ పాఠశాల అమ్మాయిలనే పోటీదారులుగా నిలిపి, 1995లో టోకిమెకి మెమోరియల్ తైసెన్ పజిల్ దమా అనే ఆర్కేడ్ (ఆటల కేంద్రాల్లో నాణెం వేసి ఆడే) ఆటను తెచ్చారు. మరుసటి ఏడాది అది ఇళ్లలోని ప్లేస్టేషన్, సాటర్న్ యంత్రాలకూ వచ్చింది. అందులో రంగు బంతులు జంటలుగా పడతాయి, ఒకే రంగువి మూడు కలిస్తే మాయమవుతాయి, పక్కనున్న చిన్న బంతులు అప్పుడు పెద్దవవుతాయి. గమనించవలసిందేమంటే, పజిల్ దమా నియమాలు కొనామీ దగ్గర అంతకు ముందే ఉన్నాయి. వాటికి ఈ పాత్రల వేషం వేశారు, అంతే.

సెగా కంపెనీ కూడా ఈ బాటనే నడిచింది. సకురా వార్స్ 1996లో సాటర్న్ మీద వచ్చింది. సగం సంభాషణలు, సగం యుద్ధ వ్యూహం. దాని నాయికలతోనే 1997లో హనగుమి తైసెన్ కాలమ్స్ వచ్చింది, 2000లో డ్రీమ్‌కాస్ట్ యంత్రం మీద రెండో భాగం కూడా వచ్చింది. వీటికి ఆధారమైన కాలమ్స్ ఆటను జే గీర్ట్‌సెన్ అనే ప్రోగ్రామరు 1989లో యూనిక్స్ కంప్యూటర్ మీద తయారు చేయగా, సెగా హక్కులు కొని 1990లో ఆర్కేడ్‌కు తెచ్చింది. నిలువుగా మూడు రత్నాలు పడతాయి. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఎటైనా సరే ఒకే రంగువి మూడు వరసగా కుదిరితే పోతాయి.

ఇటువంటి ఆటల్లో మంచిదేదో చెప్పడానికి నాకు ఒకటే కొలమానం: పాత్ర మారితే ఆట మారుతుందా? కాప్‌కామ్ 1996లో తెచ్చిన సూపర్ పజిల్ ఫైటర్ 2 టర్బో విజువల్ నావెల్ సంతతి కాదు, పోరాట ఆటల సంతతి. అయినా అందులో ఒక్కో పాత్ర ఎదుటివారి మీద కుమ్మరించే రాళ్ల రంగుల అమరిక ఒక్కో రకంగా ఉంటుంది కనుక, ఎవరితో ఆడుతున్నామన్న దాన్ని బట్టి మన పేర్పు మార్చుకోవలసి వస్తుంది. పాత్ర పక్కన నిలబడి చప్పట్లు కొట్టడమే తప్ప ఇంకేమీ చేయకపోతే అది ఉత్త వాల్‌పేపర్. మీ అమ్మాయి ఆడుతున్నది ఏ రకమో ఆమెనే అడగండి, చాలా చెబుతుంది.

నకిలీ సంగతి: ప్లేస్టోర్‌లో మూల కథ ఆటకూ దీనికీ ప్రచురణకర్త పేరు ఒకటేనా అని చూడండి. బ్లాకుల ఆట కాంటాక్టులూ ఎస్ఎంఎస్‌లూ చూసే అనుమతి అడిగితే వెంటనే తీసేయండి. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే మాత్రం బ్లాకుల ఆటకున్న వయసు సూచనను చూసి ఊరుకోకుండా, మూల కథకున్న సూచన కూడా చదవండి. ముద్దొచ్చే బొమ్మలతో కనిపించే డోకి డోకి లిటరేచర్ క్లబ్ ఇది పిల్లలకు తగినది కాదని మొదట్లోనే హెచ్చరిస్తుంది.

ప్రశ్న: వేలితో జరుపుతూ ఆడే బ్లాకుల ఆటలో, ఎడమ అంచు వరసకు బ్లాకును తీసుకెళ్లినప్పుడల్లా ఆట మూసుకుపోతోంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే బ్లాకు ఆనిన శబ్దం కాస్త ఆగి వినిపిస్తోంది. ఫోన్ పాడైందా?
(ఒక విద్యార్థి, హైదరాబాద్)

ఫోన్‌కు ఏమీ కాలేదు. ఆండ్రాయిడ్‌లో గెశ్చర్ నావిగేషన్ (బటన్లు లేకుండా వేలి కదలికలతోనే ఫోన్‌ను నడిపే పద్ధతి) పెట్టుకున్నవారికి తెర అంచు నుంచి లోపలికి వేలు జరపడమంటే బ్యాక్ నొక్కడమే. అంచు వరసలో ఉన్న బ్లాకును పట్టుకోబోయి అంచు దగ్గరే వేలు పెడుతున్నారు, ఫోన్ దాన్ని తన సొంత ఆదేశంగా తీసుకుంటోంది. సెట్టింగ్స్‌లో నావిగేషన్ మోడ్‌కు వెళ్లి మూడు బటన్ల పద్ధతికి మారితే సమస్య ఉండదు. అది నచ్చకపోతే అక్కడే బ్యాక్ గెశ్చర్ సెన్సిటివిటీని రెండు వైపులా తగ్గించండి. కంపెనీని బట్టి ఈ పేర్లు కొద్దిగా మారతాయి కాబట్టి సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో నావిగేషన్ అని కొడితే త్వరగా దొరుకుతుంది. మంచి ఆటల్లో వేలు తెర మధ్యలో ఎక్కడ జరిపినా బ్లాకు కదులుతుంది, బ్లాకునే తాకనక్కర లేదు. ఆట సెట్టింగుల్లో ఆ సదుపాయం ఉందేమో చూడండి.

బ్లూటూత్ శబ్దం ఆలస్యం సహజం. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, అవతల విప్పడానికి పట్టే సమయం అది. సినిమా చూసేటప్పుడు వీడియోను కూడా అంతే ఆలస్యం చేసి యాప్ సర్దుకుంటుంది, ఆటలో ఆ వీలు లేదు. ఇయర్‌ఫోన్స్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఉంటే వాడండి, లేకపోతే వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

ప్రశ్న: పాత జపాన్ విండోస్ ఆట సీడీ దొరికింది. ఒక విజువల్ నావెల్ పాత్రలతో చేసిన బ్లాకుల ఆట. కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్‌లో పెడితే అక్షరాలన్నీ పిచ్చి గీతలు, బ్లాకులేమో కన్నుమూసి తెరిచేలోగా పడిపోతున్నాయి.
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది లిపి సంబంధమైనది. ఆ కాలపు ఆటలు అన్ని భాషల లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ వాడేవి కావు. జపనీస్ అక్షరాలను షిఫ్ట్ జిస్ అనే సంకేత పద్ధతిలో దాచేవి, చదివే విండోస్ కూడా జపాన్‌దే అని నమ్మేవి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో చేంజ్ సిస్టమ్ లొకేల్ నొక్కి, జపనీస్ ఎంచుకోండి. అక్కడే కింద యూటీఎఫ్ 8 అంటూ బీటా ముద్రతో కనిపించే గడిలో టిక్ ఉంటే తీసేయాలి, లేదంటే చేసిన మార్పు ఫలించదు. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాక అక్షరాలు కుదుటపడతాయి. ఆ తరువాత కొన్ని చోట్ల ఫోల్డర్ల మధ్య వచ్చే వెనక గీతకు బదులుగా యెన్ గుర్తు కనిపిస్తే కంగారు పడకండి, జపాన్ విండోస్ తీరే అది. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా, సీ డ్రైవ్‌లో ఇంగ్లీషు పేరుతో ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. పాత ఆటల్లో చాలావరకు స్కోర్లను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ రాతకు విండోస్ అడ్డుపడుతుంది.

రెండోది తెర వేగానికి సంబంధించినది. తెర సెకనుకు 60 సార్లు మారుతుందని అనుకుని, ఇన్ని మార్పులకు ఒక గడి చొప్పున బ్లాకు దిగాలని రాసిన ఆటలు ఉన్నాయి. మీ గేమింగ్ ల్యాప్‌టాప్ తెర 144 హెర్ట్జ్‌ది అయితే అదే లెక్కన బ్లాకు 2.4 రెట్లు వేగంగా పడుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దారిలో వెళ్లి రిఫ్రెష్ రేటును 60కి తగ్గించి ఆడండి. ఆడటం ముగిశాక మళ్లీ పెంచుకోవడం మరచిపోకండి.

ప్రశ్న: నేను, నా స్నేహితులు రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్ మీద తెలుగులో ఒక విజువల్ నావెల్ పూర్తి చేశాం. అందులోని పాత్రలతో బ్లాకుల ఆట చేయాలని ఉంది. రెన్‌పైలో అది సాధ్యమా? టెట్రిస్ వాళ్లు కేసు వేస్తారా?
(ఒక ఉద్యోగి, వరంగల్)

సాధ్యమే. టామ్ రోథమెల్ 2004 నుంచి ఉచితంగా అందిస్తున్న రెన్‌పై కథల కోసం పుట్టినదే అయినా, లోపలంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషే కనుక మన సొంత బొమ్మల యంత్రాంగాన్ని రాసుకోవచ్చు. దానికి క్రియేటర్ డిఫైన్డ్ డిస్‌ప్లేయబుల్ అని పేరు. రెన్‌పై సహాయ పత్రాల్లోనే పాంగ్ ఆటను ఉదాహరణగా ఇచ్చారు, అక్కడి నుంచి మొదలుపెట్టండి. గీయడానికి ఒక ఫంక్షను, మీటలూ స్పర్శా అందుకోవడానికి ఇంకొకటి ఉంటాయి. గీసే ఫంక్షనుకు ఎంత సమయం గడిచిందో సెకన్లలో అందుతుంది. బ్లాకు దిగడాన్ని ఆ సమయంతోనే లెక్కగట్టండి. ఎన్నిసార్లు గీశామన్న లెక్కతో రాస్తే పైన విశాఖ పాఠకుడికి వచ్చిన కష్టమే మీ ఆటగాళ్లకూ వస్తుంది.

ఆట గుండెకాయ చాలా చిన్నది. బ్లాకు ఆనిన వెంటనే ప్రతి గడి నుంచి అదే రంగు పొరుగువారిని వెతుక్కుంటూ పోయి, నాలుగో అంతకు మించో కలిసిన గుంపులను గుర్తించండి. వాటిని తీసేసి, పైవాటిని కిందికి జారవిడిచి, మళ్లీ వెతకండి. గుంపులు దొరుకుతున్నంత వరకు ఇదే తిరగాలి. ఎన్నిసార్లు తిరిగిందో అదే గొలుసు లెక్క, స్కోరుకు మూలం. ఆటకు రుచి తెచ్చేది మాత్రం మీట పట్టి ఉంచినప్పుడు బ్లాకు పక్కకు జరిగే తీరు. 1989 నాటి నింటెండో టెట్రిస్ అమెరికా కూర్పులో మీట పట్టుకుంటే మొదట ఒక గడి జరిగి, 16 ఫ్రేములు (తెర 16 సార్లు మారేంత సేపు) ఆగి, ఆపైన 6 ఫ్రేములకు ఒక గడి చొప్పున పోతుంది. అంటే సుమారు 0.27 సెకన్ల ఆగుడు, తరువాత 0.1 సెకను చొప్పున. ఇవాళ్టి చేతులకు అది మరీ నిదానం, రెండింటినీ బాగా తగ్గించండి. ఒక్క గడి జరపబోతే రెండు గడులు జరిగిపోతున్నాయంటే మరీ తగ్గించారని అర్థం.

రెన్‌పైలో కొన్ని మెలికలు ఉన్నాయి. కథలో వెనక్కి వెళ్లి ఎంపిక మార్చుకునే రోల్‌బ్యాక్ సదుపాయం బ్లాకుల ఆటలోనూ పనిచేస్తే ఓడిన ప్రతివాడూ వెనక్కి తిప్పుకుంటాడు కాబట్టి, ఆట ముగియగానే దాన్ని అడ్డుకునే ఆదేశం ఇవ్వాలి. మీ కథ చదివినవారికి బ్లాకుల ఆటలో అదనపు పాత్ర తెరుచుకోవాలని అనుకుంటే, వేర్వేరు రెన్‌పై ఆటలు సమాచారం పంచుకునే మల్టీ పర్సిస్టెంట్ ఏర్పాటు ఉంది. కంప్యూటర్లకు అది హాయిగా సరిపోతుంది. ఫోన్‌లో ఒక యాప్ నిల్వలోకి ఇంకో యాప్ చూడలేదు గనుక అక్కడ కథ చివర ఒక రహస్య సంకేతం చూపించి, ఆటలో టైప్ చేయించడం తేలిక. తెలుగు విషయంలో, పాత రెన్‌పై కూర్పులు ఒత్తులను విడదీసి పక్కన పడేసేవి. 8వ తరంలోని ఇటీవలి కూర్పులు అక్షరాలనూ ఒత్తులనూ సరిగా కూర్చే హార్ఫ్‌బజ్‌ను వాడుతున్నాయి కాబట్టి ఆ బాధ తీరింది. అయినా స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి అనే మూడు మాటలను స్కోరు పలక మీద పెట్టి చూసుకోండి. రెన్‌పైతో వచ్చే ఫాంటులో తెలుగు లేదు, మండలి వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంటును జతచేయండి.

ఇక కేసు సంగతి. అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో రాసిన టెట్రిస్ హక్కులను ఇప్పుడు టెట్రిస్ కంపెనీ గట్టిగా కాపాడుకుంటోంది. ఐఫోన్ కోసం మినో అనే అనుకరణను తెచ్చిన క్సియో ఇంటరాక్టివ్ మీద వేసిన దావాలో, 2012లో అమెరికాలోని న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు ఆట నియమాలకూ ఆలోచనకూ కాపీరైటు లేదని ఒప్పుకుంటూనే, ముక్కల రూపురేఖలు, 10 గడుల వెడల్పు 20 గడుల ఎత్తు ఉన్న మైదానం, ముక్క ఎక్కడ దిగుతుందో చూపే నీడ వంటివాటిని యథాతథంగా ఎత్తుకోవడం తప్పని తీర్పు చెప్పింది. మన దగ్గరా ఆలోచనకు కాదు, దాన్ని వ్యక్తపరచిన తీరుకే కాపీరైటు అని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుచేత టెట్రిస్‌లో పడే, నాలుగేసి గడులతో చేసిన ఏడు ముక్కల జోలికి పోకుండా, రంగులు కలిపే పద్ధతిని మీ సొంత బొమ్మలతో, సొంత కొలతల మైదానంతో చేసుకోండి. పేరులో టెట్రిస్ అన్న మాట గాని, దాన్ని పోలిన తోక గాని వద్దు, అది ట్రేడ్‌మార్కు.

నిజానికి ఇంతకన్నా దగ్గరి ప్రమాదం మీ బృందంలోనే ఉంది. బొమ్మలు గీసిన స్నేహితుడు కథ కోసం గీశాడు. వాటినే వేరే ఆటలో వాడి అమ్ముకోవడం ఇంకో సంగతి. మన కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. ప్లేస్టోర్‌లో పెడితే మీ ఆట అమెరికాలోనూ అమ్ముడవుతుంది గనుక, గొంతు ఇచ్చినవారితో సహా అందరి చేతా ప్రపంచమంతటికీ వర్తించేలా, ఈ ఆట పేరు ప్రత్యేకంగా పేర్కొంటూ సంతకాలు తీసుకున్నాకే ఒక్క బ్లాకైనా గీయడం మొదలుపెట్టండి.