డాక్టర్ సలహా: ఇమ్యూనోథెరపీ అంటే ఇమ్యూనిటీ పెంచడమేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పచ్చకామెర్లని చూపిస్తే పైత్యరస నాళంలో క్యాన్సర్ అని తేలింది. స్టెంట్ వేశారు, ఆపరేషన్ కుదరదన్నారు. కీమోతో పాటు ఇమ్యూనోథెరపీ ఇస్తామంటున్నారు. ఎలాగూ ఇమ్యూనిటీ పెంచడమే కదా, అంత ఖర్చు బదులు తిప్పతీగ కషాయం ఇవ్వొచ్చా?

జవాబు: వద్దమ్మా. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి, మీ నాన్నగారి లివర్ ఇప్పటికే కామెర్లతో అలసిపోయి ఉంది.

అసలు ఇక్కడ లోటు ఇమ్యూనిటీ తక్కువ కావడం కాదు. క్యాన్సర్ కణాల్ని చంపాల్సిన టి కణాలు ఒంట్లో ఉంటాయి, కానీ ఈ క్యాన్సర్ తన చుట్టూ గట్టి పీచు కణజాలాన్ని పెంచుకుంటుంది కాబట్టి అవి గడ్డ లోపలికి సరిగా వెళ్లలేవు, వెళ్లినవాటిని కూడా అక్కడే తిష్ట వేసిన మ్యాక్రోఫేజ్‌లు, రెగ్యులేటరీ టి కణాలు పని చేయనివ్వవు. అవీ మన రక్షణ కణాలే, గడ్డ వాటిని తనవైపు తిప్పుకుంటుంది! పైగా పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌తో టి కణాలకు బ్రేక్ పడుతుంది. ఇమ్యూనోథెరపీ మందు దుర్వాలుమాబ్ చేసేది ఆ బ్రేక్ తీయడం, అంతే. ఏ కషాయమూ ఆ పని చేయదు.

ఎంత లాభం? ఉన్నదున్నట్టు చెబుతాను. టోపజ్-1 అనే పెద్ద ట్రయల్‌లో జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ కీమోకి దీన్ని కలిపితే మధ్యస్థంగా పెరిగిన ఆయుష్షు నెలన్నర దగ్గరే. వినడానికి నిరాశే. కానీ రెండేళ్ల తర్వాత చూస్తే కీమో ఒక్కటే తీసుకున్నవారిలో నూటికి 10, 11 మంది బతికుంటే, రెండూ తీసుకున్నవారిలో దాదాపు 25 మంది ఉన్నారు. అంటే కొందరికి బాగా పనిచేస్తుంది, చాలామందికి అంతగా చేయదు, ఎవరికి చేస్తుందో ముందే చెప్పే పరీక్ష చాలామంది విషయంలో లేదు.

అందుకే డబ్బు కట్టే ముందు బయాప్సీ ముక్క మీద ఎమ్మెస్సై (గడ్డ కణాల్లో డీఎన్‌ఏ తప్పుల్ని సరిదిద్దే వ్యవస్థ చెడిందేమో చూసేది), ఎన్‌జీఎస్ (చాలా జన్యువుల్ని ఒకేసారి చదివేది) పరీక్షలు చేయించారా అని అడగండి. ఎమ్మెస్సై హై అని వస్తే (అరుదే) ఇమ్యూనోథెరపీకి స్పందించే అవకాశం ఎక్కువ. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1, హెర్2 అనే జన్యువుల్లో మార్పులుంటే వాటికి వేరే మందులున్నాయి.

స్టెంట్ ఉంది కాబట్టి చలితో జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా పారాసిటమాల్ వేసి కూర్చోకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మందు మొదలయ్యాక ఆగని విరేచనాలు, ఆయాసం, కొత్తగా దగ్గు కనిపిస్తే బ్రేక్ తీసేసిన టి కణాలు సొంత ఒంటి మీదే పడుతున్నాయేమో చూడాలి, అవసరమైతే స్టెరాయిడ్స్‌తో అదుపు చేస్తాం. ఇది వారాల తర్వాత, ఒక్కోసారి మందు ఆపాక కూడా రావచ్చు, కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ఇమ్యూనోథెరపీ తీసుకున్న సంగతి ముందే చెప్పండి.